గీజరులో చన్నీళ్ళు, మరికొన్ని వింతలు

వింత అనగానే మనకి తాజ్‌మహలో, ఈజిప్టు పిరమిడ్లో గుర్తుకొస్తాయి. అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన స్నానాలగదిలో, గోడకి తగిలించిన క్యాలెండర్లో, ఎదురుగా ఉన్న కరెంటు తీగ మీద, చేతిలో ఉన్న ఫోనులో రోజూ కనబడే చిన్న వింతలు బోలెడున్నాయి. చూసీ చూసీ అలవాటైపోయి మనం పట్టించుకోవడం మానేశాం, అంతే. పిల్లలు మాత్రం మానరు. "ఎందుకమ్మా?" అని అడుగుతూనే ఉంటారు.

అయితే ఆ "ఎందుకమ్మా" ఏ భాషలో వస్తోంది? కొన్నాళ్ళుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదే. మస్కట్‌లో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఒకటి గమనిస్తున్నాను. పిల్లలతో మనం మాట్లాడే తెలుగులో ముప్పాతిక వంతు ఆజ్ఞలే. "లే, పళ్ళు తోముకో, తిను, చదువుకో, టీవీ ఆపు, పడుకో." పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, చెప్పిన పని చేస్తారు కూడా (చేస్తే!). కానీ కొత్తది ఏదైనా కనబడి ఆశ్చర్యం కలిగినప్పుడు వాళ్ళ నోట ఇంగ్లీషే వస్తుంది. అంటే తెలుగు పని చేయించుకునే భాషగా మిగిలి, అడిగి తెలుసుకునే భాష ఇంకొకటి అయిపోతోందన్నమాట. ఒక భాషలో ప్రశ్నలు ఆగిపోతే, ఆ తరవాత మాటలు ఆగిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

అందుకని మా ఇంట్లో ఒక నోటుపుస్తకానికి అట్ట వేసి "వింతల పుస్తకం" అని పేరు పెట్టాం. నియమం ఒక్కటే. ప్రశ్న ఎవరు అడిగినా, జవాబు ఎవరు చెప్పినా, రాయడం మాత్రం తెలుగులోనే. మా అబ్బాయి ఒత్తులు మింగేసిన అక్షరాలు, పాప వేసిన బొమ్మలు, మా వారి లెక్కలు, ఊరి నించి వచ్చినప్పుడు మా మామయ్యగారు రాసిన గుండ్రటి చేతిరాత, అన్నీ అందులో ఉన్నాయి. వాటిలోంచి కొన్ని పేజీలు మీ ముందు పెడుతున్నాను.

ఎర్ర చుక్క, నీలం చుక్క

మస్కట్‌లో కాపురం పెట్టిన ఇల్లాలికి మొదటి వేసవిలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. జూన్ నెలలో చన్నీళ్ళు కావాలంటే వేడినీళ్ళ కుళాయి తిప్పాలి! నీలం చుక్క ఉన్న కుళాయిలోంచి పొగలు వస్తాయి. ఎర్ర చుక్క ఉన్నదాంట్లోంచి హాయిగా చల్లటి నీళ్ళు వస్తాయి.

కారణం మన అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, పిల్లలకి విడమరిచి చెబితే బోలెడు సైన్సు ఉంది అందులో. నీళ్ళ ట్యాంకు మేడ మీద ఎండలో ఉంటుంది. పగలంతా కాగిన నీళ్ళే తిన్నగా నీలం చుక్క కుళాయికి వస్తాయి. గీజరు మాత్రం ఇంటిలోపల, ఏసీ చల్లదనంలో ఉంటుంది. స్విచ్చి ఆపేస్తే అది గీజరు కాదు, మన ఊళ్ళో నీడన పెట్టిన కుండ. అందులో నిలవ ఉన్న నీళ్ళు మెల్లగా ఇంటి చల్లదనానికి వస్తాయి.

కానీ ఒక తిరకాసుంది. ఆ చన్నీళ్ళు గీజరు పట్టినంతవరకే. ఖాళీ అయిన చోటికి మళ్ళీ పైనుంచి వేన్నీళ్ళే దిగుతాయి. కాబట్టి ముందు స్నానం చేసినవాళ్ళది అదృష్టం, తరవాతి వాళ్ళది ఓపిక. మా ఇంట్లో వేసవి పొద్దుటి తగువులకి మూలం ఇదే. వీటి పరిష్కారానికి మా పాప ఒక పట్టిక వేసి స్నానాలగది తలుపుకి అంటించింది. మొదటి పేరు తనదే అని వేరే చెప్పాలా?

గంటన్నర రహస్యం

ఇంటికి ఫోను చేసే ముందు మనందరం వేసే లెక్క గంటన్నర. ఇక్కడ ఆరున్నరైతే అక్కడ ఎనిమిది. మరి ఆ అరగంట ఎక్కడి నించి వచ్చింది? గంటో, రెండు గంటలో ఉండచ్చు కదా?

మా వారు అట్లాసు తీసి చూపించారు. భారత దేశపు గడియారం 82 1/2 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ గీత మన కాకినాడకి దగ్గరగా పోతుంది. ఒమాన్ గడియారం 60 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ గీత ఒమాన్ తూర్పు కొస, తాబేళ్ళకి పేరుపడ్డ రాస్ అల్ హద్‌కి కాస్త అవతల సముద్రం మీదుగా పోతుంది. రెంటికీ తేడా 22 1/2 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. హెచ్చవేస్తే 90 నిమిషాలు, అంటే కచ్చితంగా గంటన్నర. మన గంటన్నర దూరమంతా కాకినాడకీ రాస్ అల్ హద్‌కీ మధ్య ఉన్న దూరమే!

ఇంకో తమాషా. విజయవాడకీ మస్కట్‌కీ మధ్య రేఖాంశాల తేడా కూడా కొంచెం ఇటూ అటూగా అంతే. అందుకే ఉగాది, దసరా రోజుల్లో అక్కడి గడియారంలో సూర్యుడు ఏ వేళకి ఉదయిస్తాడో, ఇక్కడి గడియారంలోనూ దాదాపు ఆ వేళకే ఉదయిస్తాడు.

పంచాంగం చిక్కు ఇక్కడే ఉంది. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. మన పండగలు చాలావరకు సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి చేసుకుంటాం. ఒక తిథి ఇండియా టైము ఉదయం ఏడింటికి అయిపోయిందనుకోండి. విజయవాడలో అప్పటికి తెల్లవారి చాలాసేపయింది కాబట్టి ఆ తిథి ఆ రోజుదే. మస్కట్‌లో అప్పుడు ఐదున్నర, ఇంకా పొద్దు పొడవలేదు. సూర్యుడు వచ్చేసరికి తిథి మారిపోయి ఉంటుంది. ఫోనులో పంచాంగం పెట్టుకున్నవాళ్ళు ఊరి పేరు మార్చి చూడండి, కొన్ని రోజుల్లో తిథి కూడా మారుతుంది. "మీ పండగ ఎప్పుడు?" అని అత్తగారు ఫోనులో అడిగితే, అందులో వెటకారమేమీ లేదని మనం గ్రహించాలి.

బండి నంబర్లు

ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు మా పిల్లల ఆట ముందు కారు నంబరు అరబ్బీలో చదవడం. పక్కనే మామూలు అంకెలు కూడా ఉంటాయి కాబట్టి జవాబు వెంటనే సరిచూసుకోవచ్చు. మొదట్లో అందరూ పడే గుంట ఒకటుంది. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది వాళ్ళకి ఐదు. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. మనకి ఏడులా కనబడేది వాళ్ళ ఆరు.

అసలు వింత వీటి పేర్లలో ఉంది. ఇంగ్లీషువాళ్ళ 1, 2, 3 లని లోకం అరబిక్ అంకెలంటుంది. అరబ్బులు తమ అంకెల్ని "అర్కామ్ హిందియ్యా", అంటే హిందూ దేశపు అంకెలంటారు. రెండూ మన దేశంలో పుట్టిన లెక్క నుంచే పోయాయి. ఇంకొకటి కూడా గమనించండి. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. కానీ అంకెల్లో పెద్ద స్థానం మనకిలాగే ఎడమవైపే ఉంటుంది. నోటితో చెప్పేటప్పుడు మాత్రం ఇరవై ఐదుని "ఐదూ ఇరవై" అంటారు.

ఇచ్చిన మాటలు, పుచ్చుకున్న మాటలు

మా మామయ్యగారు మొదటిసారి మస్కట్ వచ్చినప్పుడు భాష రాదని దిగులుపడ్డారు. వారం తిరిగేసరికి దిగులు పోయింది. ఎక్కడ చూసినా తెలిసిన మాటలే! తారీఖు, జవాబు, దుకాణం, ఖర్చు, వసూలు, హక్కు, షరతు, అసలు, నకలు, అన్నీ అరబ్బీ మూలం ఉన్నవే. పారసీ, ఉర్దూల మీదుగా, నవాబుల కచేరీల్లోంచి మన పల్లెటూరి రచ్చబండ దాకా వచ్చి, తెలుగు బట్ట కట్టుకుని కూర్చున్నాయి. ఆఫీసులో ఒమానీ కుర్రవాడు పెద్దాయన పిలిస్తే "హాదిర్" అన్నాడు. అది మన బళ్ళో "హాజరు"! ఇక్కడి ఎడారికి రుబ్ అల్ ఖాలీ అని పేరు. అందులో "ఖాలీ" మన ఇంటి ముందు బోర్డు మీద వేలాడే "ఖాళీ"యే. జిల్లా అన్న మాటకి అరబ్బీలో మూలార్థం పక్కటెముక అంటే నమ్ముతారా?

కొన్ని మాటలు ప్రయాణంలో అర్థం మార్చుకున్నాయి. బాకీ అంటే మనకి అప్పు. ఇక్కడ దుకాణంలో బాకీ అంటే మిగిలినది, అంటే మనకి తిరిగి రావలసిన చిల్లర. మన బాకీ గుండె బరువు, వాళ్ళ బాకీ జేబు బరువు. పండగలప్పుడు అమ్మే ఖర్జూరం పెట్టిన బిస్కట్ల పేరు "మామూల్". తయారు చేసినది అని అర్థం. ఆ మాటే మన దగ్గరికి వచ్చి "మామూలు" అయింది. ఆ తరవాత బల్ల కింద నుంచి పుచ్చుకునేదీ అయింది. డబ్బా మీద పేరు చదివి మామయ్యగారు, "ఇక్కడ మామూళ్ళు షాపులోనే బాహాటంగా అమ్ముతున్నారే!" అన్నారు.

మనం ఇచ్చినవీ లేకపోలేదు. రియాలుకి వెయ్యి బైసాలు కదా, ఆ బైసా మన పైసాయే. 1970లో సొంత రియాలు వచ్చేదాకా ఇక్కడ మన రిజర్వు బ్యాంకు వేసిన గల్ఫ్ రూపాయలు కూడా చెల్లేవి. ఇక చింతపండుకి అరబ్బీ పేరు "తమర్ హిందీ", హిందూ దేశపు ఖర్జూరం. దాన్నించే ఇంగ్లీషులో టామరిండ్ అయింది. చింతచెట్టు అసలు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా పేరు మనదే నిలిచింది. ఎవరు బాగా వండితే పేరు వాళ్ళకే వస్తుంది మరి!

వారబందీ, ఖరీఫ్

మామయ్యగారు కృష్ణా డెల్టా కాలవల మీద ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసిన మనిషి. నిజ్వాలో కోట చూపిద్దామని తీసుకెళ్తే, ఆయన ఫలజ్ దారిస్ దగ్గర కూర్చుని లేవనన్నారు. ఫలజ్ అంటే భూగర్భంలోంచి, పంపూ మోటారూ లేకుండా, ఒట్టి వాలు మీద నీటిని తోటలదాకా నడిపించే కాలవ. క్రీ.శ. 500 నాటికే ఈ పద్ధతి ఉండి ఉండవచ్చని యునెస్కో అంటుంది. మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని, దారిస్‌తో సహా, 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

కాలవ చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ళు పంచేది ఎవరు? ఎలా పంచుతారు?" నీటిని కొలతతో కాదు, కాలంతో పంచుతారు. వంతు వచ్చినవాడి తోటకి అంతసేపూ నీరంతా వెళుతుంది. పగలు నీడగడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతులు మార్చేవారు. ముందు తాగడానికి, తరవాత స్నానాలకి, ఆ తరవాతే తోటలకి. విని ఆయన తృప్తిగా తల ఊపారు. "మన వారబందీయే ఇది. చివరి ఆయకట్టు రైతుకి నీరందితే చాలు, ఏ దేశమైనా బాగుపడుతుంది" అన్నారు. ఆ వాక్యం వింతల పుస్తకంలో ఆయన చేతిరాతలోనే ఉంది.

సలాలా వెళ్ళినప్పుడు ఇంకో పేజీ నిండింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మస్కట్ మాడిపోతుంటే సలాలా కొండలు పచ్చగా, మంచుతెరలో మునిగి ఉంటాయి. ఆ కాలం పేరు ఖరీఫ్. మన వ్యవసాయ శాఖ వాళ్ళ ఖరీఫ్, రబీ ఇవే. అరబ్బీలో ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. మన డెల్టా రైతు నోట అవి సార్వా, దాళ్వా. పేరే కాదు, గాలీ ఒకటే. కేరళ మీదుగా మన ఊళ్ళకి వానలు తెచ్చే నైరుతి గాలే, సలాలా ముందు చల్లబడ్డ సముద్రాన్ని తాకి, కొండలకి అడ్డుపడి, తుంపరగా రాలుతుంది. ఆ తడికే అక్కడ కొబ్బరి, అరటి, తమలపాకు పండుతున్నాయి. పద్నాలుగో శతాబ్దంలో వచ్చిన ఇబన్ బతూతా కూడా ఆ తమలపాకుల్నీ కొబ్బరికాయల్నీ చూసి రాసుకున్నాడు.

ఒక తుపాను, రెండు పేర్లు

మా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడు అమ్మ ఫోను చేసి, "మా మీంచి పోయింది, భయం లేదు" అంది. మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ మిగిలిన వాయుగుండం తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ దాటుకుంటూ అరేబియా సముద్రంలోకి దిగింది. అక్కడ మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అని కొత్త పేరు పెట్టుకుని, అక్టోబరు 3 రాత్రి మన ఒమాన్ బాతినా తీరానికి వచ్చింది. అల్ ఖాబూరా, సువైక్ వైపు ఊళ్ళు నీట మునిగాయి, ప్రాణనష్టం కూడా జరిగింది. అది ఎంత గడ్డు రాత్రో ఇక్కడున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి ఫోను చేయడం అమ్మ వంతు. "మా గుమ్మం దాటిందే మీ గుమ్మంలోకి వచ్చిందా!" అంది. మా అబ్బాయి పటం మీద ఎర్ర సిరాతో గీత గీశాడు. అమ్మమ్మ ఇంటి దగ్గర మొదలై మా ఇంటి పక్కన ఆగింది. మనం రెండు దేశాలనుకుంటాం గానీ, గాలికి అది ఒకే వీధి.

పాలపిట్ట, జమ్మిచెట్టు

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ. మస్కట్‌లో కరెంటు తీగల మీద, దీపస్తంభాల మీద కూర్చునే ఒక పిట్ట ఉంది. కూర్చుంటే మట్టిరంగుగా, ఏమంత విశేషం లేనట్టుంటుంది. రెక్క విప్పిందా, నీలాలు జల్లినట్టే! మా పాప చాలాకాలం ఆ కూర్చున్న పిట్టా ఎగిరిన పిట్టా వేర్వేరనుకుంది. "బ్లూ బర్డ్" అని పేరు కూడా పెట్టింది. మామయ్యగారు బాల్కనీలోకి వచ్చి చూసి, చేతులు జోడించారు. "అది పాలపిట్టమ్మా! దసరానాడు దాని దర్శనం కోసం మేం పొలాలన్నీ తిరిగేవాళ్ళం. ఇక్కడ గుమ్మం ముందే కూర్చుందే!" మన రాష్ట్ర పక్షిగా ఉన్నది అదే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి. మస్కట్‌లో ఏడాది పొడుగునా ఉంటుంది.

అప్పుడే ఆయన పుస్తకంలో ఒక ప్రశ్న రాశారు. "పాలపిట్ట ఉంది. మరి జమ్మిచెట్టు ఉందా?" ఆ పేజీ కింద చాలాకాలం ఏమీ లేదు. ఆయన తిరిగి వెళ్ళాక, మా అబ్బాయి బడిలో ఒమాన్ చెట్ల గురించి వ్యాసం రాస్తూ ఘాఫ్ చెట్టు శాస్త్రీయ నామం చూశాడు, ప్రోసోపిస్ సినరేరియా. మన జమ్మి పేరు కూడా అదే! బిదియా వెళ్ళినప్పుడు ఇసక దిబ్బల పక్కన మేమందరం చాప పరుచుకుని పులిహోర తిన్నది ఆ చెట్టు నీడనే. పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టు ఇక్కడ ఒంటెలకీ మేకలకీ మేత, బాటసారులకి నీడ.

మామయ్యగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. వీడియో కాల్‌లో, "ముల్లు చూపించరా" అన్నారు. ఎందుకంటే ఇక్కడ సర్కారు తుమ్మ కూడా విస్తారంగా ఉంది. దూరం నించి రెండూ ఒకలాగే ఉంటాయి. సర్కారు తుమ్మకి ఆకు మొలిచే కణుపు దగ్గర జంటగా ముళ్ళుంటాయి. జమ్మికి కణుపుల మధ్య కొమ్మ పొడుగునా అక్కడక్కడ పొట్టి ముళ్ళుంటాయి. మా అబ్బాయి ఫోను కొమ్మకి ఆనించి మెల్లగా జరిపాడు. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "జమ్మే. రాసెయ్" అన్నారు. ఆ పేజీ కింద మా వాడు రాశాడు: "ఉంది తాతయ్యా."

2023లో మామయ్యగారు కాలం చేశారు. ఆ తరవాత వచ్చిన దసరాకి, కొమ్మ విరవకుండా కిందరాలిన జమ్మి ఆకులు నాలుగు ఏరి తెచ్చి మా వాడు అందరి చేతుల్లో పెట్టాడు. పక్కింటి తెలుగు పిల్లలు అదేమిటని ఇంగ్లీషులో అడిగారు. వాడు తెలుగులో చెప్పాడు. జమ్మి, ముల్లు, కణుపు, పాలపిట్ట, ఈ మాటలకి వాడి దగ్గర వేరే భాషలో మాటలు లేవు. అవి వాడికి తాతయ్య నోటి నించి వచ్చాయి.

మనలో చాలామందికి ఒమాన్ ఒక మజిలీ. వీసా ఉన్నన్నాళ్ళు ఉంటాం, ఒకరోజు సామాను సర్దుకుంటాం. తాత్కాలికమే కదా అని చుట్టూ చూడకుండా ఏళ్ళు గడిపేస్తే, పిల్లలకి ఈ నేలా తెలియదు, ఆ నేలా తెలియదు. కళ్ళు తెరిచి చూస్తే ఇక్కడి చెట్టూ, పిట్టా, గాలీ, మాటా, అన్నీ మన చుట్టాలే. ఆ చుట్టరికం పిల్లలకి కలపడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, "ఏమో, కనుక్కుందాం రా" అనే ఓపిక, ఊరి నించి వచ్చిన పెద్దవాళ్ళ పక్కన ఒక కుర్చీ ఉంటే చాలు.

ఈ సంచిక మూసేలోపు మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి, లేదా వాళ్ళని అడగనివ్వండి. మొదలుపెట్టడానికి మా పుస్తకంలో ఇంకా జవాబు రాయని ప్రశ్న ఒకటి ఇస్తున్నాను, మా పాపది: "మస్కట్ కాకి అరిచినా చుట్టాలు వస్తారా?" జవాబు తెలిసినవాళ్ళు మా ఇంటికి రావచ్చు. కాకి మాట నిజమైనట్టూ ఉంటుంది.